సృష్టికర్త, సృష్టి: వివిధ మతాల దృక్పథాలు

ప్రస్తావన

'ఈ లోకాన్ని ఎవరు సృష్టించారు?' అన్న ప్రశ్నను అన్ని మతాలూ ఒకే విధంగా అడుగుతాయని, జవాబులు మాత్రమే వేరని మనం సాధారణంగా అనుకుంటాం. నిజానికి ప్రశ్నలోనే తేడా ఉంది. దీనిని గ్రహించడానికి భారతీయ దార్శనికులు తరచూ వాడిన కుండ ఉదాహరణను తీసుకుందాం. కుండ తయారు కావాలంటే కుమ్మరీ ఉండాలి, మన్నూ ఉండాలి. కుమ్మరి నిమిత్త కారణం. మన్ను ఉపాదాన కారణం. మరి లోకానికి కుమ్మరి ఎవరు? మన్ను ఏది? ఈ రెండు ప్రశ్నలను మనసులో ఉంచుకొని ఈ పాఠం చదవండి.

1. మన్ను లేని సృష్టి

యూదు, క్రైస్తవ, ఇస్లాం మతాలలో దేవుడు ఒక్కడే. ఆయన లోకానికి వేరైనవాడు. బైబిలులోని ఆదికాండం ప్రకారం దేవుడు ఆరు దినాలలో సృష్టిని ముగించి ఏడవ దినాన విశ్రమించాడు. ఖురాన్ కూడా ఆరు దినాల సృష్టిని చెబుతుంది. అయితే అల్లాహ్‌కు అలసట కలగలేదని స్పష్టం చేస్తుంది. దేవుడు శూన్యం నుండి సృష్టించాడన్న సిద్ధాంతాన్ని తరువాతి మతాచార్యులు వివరంగా రూపొందించారు. దేవునితోపాటు మన్ను కూడా అనాదిగా ఉంటే, ఆయన దానిపై ఆధారపడినట్లవుతుంది కదా! ఈ మతాలలో సృష్టిని కాక సృష్టికర్తను మాత్రమే ఆరాధించాలన్న నియమానికి ఈ భేదమే మూలం.

2. కుమ్మరి, మన్ను: హిందూ దర్శనాలు

హిందూ సంప్రదాయంలో ఒకే జవాబు లేదు. ఋగ్వేదం పదవ మండలంలోని నాసదీయ సూక్తం, సృష్టి రహస్యం పైనుండి చూసేవానికైనా తెలుసో లేదో అన్న సందేహంతో ముగుస్తుంది. న్యాయ దర్శనం ప్రకారం పరమాణువులు నిత్యాలు. ఈశ్వరుడు జీవుల కర్మను అనుసరించి వాటిని కూర్చుతాడు. అంటే మన్ను ముందే ఉంది, ఈశ్వరుడు కుమ్మరి. ముండకోపనిషత్తు సాలెపురుగును ఉదాహరిస్తుంది. సాలెపురుగు దారాన్ని తననుండే తీసి, తనలోకే లాక్కుంటుంది. ఇక్కడ కుమ్మరే మన్ను. ఈ ఏకత్వాన్ని శంకరులు, రామానుజులు వేర్వేరుగా వివరించారు. శంకరుల దృష్టిలో జగత్తు బ్రహ్మంపై తోచే ఆభాస. రామానుజుల దృష్టిలో చిదచిత్తులు ఈశ్వరుని శరీరం. మధ్వాచార్యులు మాత్రం ఈశ్వరుని నిమిత్త కారణంగానే అంగీకరించారు.

3. కుమ్మరి అవసరం లేని లోకం

జైనం ప్రకారం జీవం, పుద్గలం, ధర్మం, అధర్మం, ఆకాశం, కాలం అనే ఆరు ద్రవ్యాలు అనాది. లోకాన్ని ఎవరూ చేయలేదు. సృష్టికి ముందు సృష్టికర్త ఎక్కడున్నాడని తొమ్మిదవ శతాబ్దికి చెందిన జినసేనాచార్యుడు తన ఆదిపురాణంలో ప్రశ్నించాడు.

బుద్ధుడు మరో దారి పట్టాడు. లోకం శాశ్వతమా, అశాశ్వతమా అని మాలుంక్యపుత్తుడు అడిగితే జవాబు చెప్పలేదు. విషబాణం తగిలినవాడు ముందు దానిని తీయించుకోవాలి గాని, వేసినవాని పేరు, ఊరు తెలిసేదాకా ఆగితే ప్రాణం దక్కదు. దుఃఖాన్ని తొలగించుకోవడమే ముందు పని అని ఈ ఉపమానం సారం.

4. 'నాస్తికం' అనే మాట

సృష్టికర్తను అంగీకరించని మతాలను 'నాస్తికం' అని కొట్టివేయడం విద్యార్థులు తరచూ చేసే పొరపాటు. శాస్త్ర పరిభాషలో వేద ప్రామాణ్యాన్ని అంగీకరించని దర్శనమే నాస్తికం. పూర్వమీమాంసకుడైన కుమారిలభట్టు సృష్టికర్తను నిరాకరించాడు. అయినా మీమాంస ఆస్తిక దర్శనమే. సృష్టికర్త లేడన్న జైనులే అహింసను అత్యంత కఠినంగా పాటించారు. కాబట్టి సృష్టికర్తపై నమ్మకం లేనిచోట నీతి ఉండదని తీర్మానించలేం. మీ పక్కింటివారి మతాన్ని మీ మతం అడిగే ప్రశ్నతో కొలవకండి. వారు ఏ ప్రశ్న అడుగుతున్నారో ముందు తెలుసుకోండి.

సారాంశం

శూన్యం నుండి సృష్టి, ఉన్న ద్రవ్యంతో సృష్టి, ఈశ్వరుని నుండే సృష్టి, సృష్టి లేని అనాది లోకం, జవాబు చెప్పని మౌనం: ఈ ఐదు దృక్పథాలను ఈ పాఠంలో తెలుసుకున్నారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నిమిత్త, ఉపాదాన కారణాల భేదాన్ని ఉదాహరణతో వివరించండి.
2. మీమాంస సృష్టికర్తను నిరాకరించినా ఆస్తిక దర్శనం ఎలా అయింది?