ఐటీ ఉద్యోగానికి ఇల్లు చూస్తున్నారా? బాడుగతోపాటు దారి ఖర్చూ లెక్కేయండి

కర్నూలు నుంచి హైదరాబాద్ సుమారు 210 కిలోమీటర్లు. రోజూ తిరగలేరు కాబట్టి ఐటీ ఉద్యోగం వచ్చిన మన పిల్లలు అక్కడే ఇల్లు చూసుకుంటారు. మసీదు, హలాల్ భోజనం, తెలిసినవాళ్లు దగ్గరుంటారని చాలామంది టోలిచౌకి, మెహదీపట్నం వైపు వెళ్తారు. అయితే ఈ రెండు చోట్లా మెట్రో లేదు. నాగోల్ నుంచి వచ్చే మెట్రో కూడా రాయదుర్గంలోనే ఆగిపోతుంది. గచ్చిబౌలి ఆఫీసులకు బస్సో, బైకో, ఆటోనో తప్పదు.

బెంగళూరులో చేరిన కడప పిల్లలకు సెలవులకు ఊరు రావడమే కష్టం. కడప-బెంగళూరు రైల్వే లైను 2008-09లో మంజూరైనా, కడప వైపు పట్టాలు పెండ్లిమర్రి దాకానే పడ్డాయి. ఎక్కువమందికి బస్సే దిక్కు.

అందుకే అడ్వాన్సు ఇచ్చే ముందు ఒకరోజు ఆఫీసు వదిలే టైముకు బయల్దేరి ఆ ఇంటిదాకా వెళ్లి చూడండి. నెల దారి ఖర్చును బాడుగకు కలపండి. రంజాన్‌లో ఇఫ్తార్‌కు ఇల్లు చేరగలరా అన్నదీ అప్పుడే తెలుస్తుంది.