ప్రయోగశాలలో ధ్యానం

1961లో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఆనంద్, ఛినా, బల్‌దేవ్ సింగ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు నలుగురు యోగులపై జరిపిన పరీక్షల ఫలితాలను ప్రకటించారు. యోగి సమాధిలో కూర్చుని ఉండగా అతని తలకు చిన్న లోహపు బిళ్ళలు అంటించి, మెదడులో పుట్టే అతి స్వల్పమైన విద్యుత్తరంగాలను యంత్రంచేత కాగితంపై గీయించారు. కన్నులు మూసికొని, మెలకువతో, విశ్రాంతిగా ఉన్న మనిషి మెదడులో సాధారణంగా సెకనుకు 8 నుండి 13 సార్లు ఎగసిపడే తరంగాలు కనబడతాయి. వీటికి ఆల్ఫా తరంగాలని పేరు. ఇంతలో ఎక్కడైనా చప్పుడైతే ఆ తరంగాలు చటుక్కున తెగిపోతాయి. మెదడు ఆ చప్పుడును పట్టించుకొన్నదనడానికి అదే గుర్తు.

ఆ శాస్త్రజ్ఞులు యోగుల ఎదుట ప్రకాశవంతమైన దీపం వెలిగించారు. పెద్ద చప్పుడు చేశారు. వేడి గాజుగొట్టంతో ఒంటిని తాకారు. శ్రుతిదండాన్ని కంపింపజేసి చర్మానికి ఆనించారు. మామూలు స్థితిలో ఉన్నప్పుడు వీటన్నిటికి యోగుల ఆల్ఫా తరంగాలు కూడ అందరి వానివలెనే తెగిపోయాయి. ధ్యానంలో ఉన్నప్పుడు మాత్రం ఏ ఒక్కదానికీ తెగలేదు. వీరిలో ఇద్దరు 4 డిగ్రీల సెంటీగ్రేడు చల్లదనం గల నీటిలో 45 నుండి 55 నిమిషాల వరకు చేయి ముంచి ఉంచినా, ఆల్ఫా తరంగాలు అలాగే సాగిపోయాయి. బయటి లోకపు తలుపులు మూసివేసినట్లుగా ఉన్నది ఆ చిత్రం.

అయిదేండ్ల తరువాత, 1966లో, జపాను దేశపు కసమత్సు, హిరాయి అనే ఇద్దరు వైద్యులు జెన్ బౌద్ధ గురువులపై, శిష్యులపై చేసిన ఇటువంటి పరిశోధనను ప్రకటించారు. జెన్ అనే మాట మన ధ్యాన శబ్దమే. చీనాలో చాన్ అయి, జపానులో జెన్ అయింది. ఈ పద్ధతిలో కన్నులు పూర్తిగా మూయరు. పరిశోధకులు 15 సెకనులకు ఒకసారి చొప్పున ఇరవైసార్లు ‘టిక్కు’ మని శబ్దం వినిపించారు. ధ్యానం తెలియని వారిలో మొదటి శబ్దానికి ఆల్ఫా తరంగాలు బాగా తెగి, మూడవ నాల్గవ శబ్దం నాటికే ఆ తెగుట తగ్గిపోయింది. గోడగడియారపు చప్పుడు కాసేపటికి మన చెవికి ఆనకుండా పోయేది ఇందుచేతనే. జెన్ గురువులలో అలా జరగలేదు. మొదటి శబ్దానికి ఎంతసేపు తెగినవో, ఇరవయ్యవ దానికి కూడ సుమారు అంతసేపే తెగాయి. ప్రతి శబ్దమూ వారికి క్రొత్తదే!

ఇద్దరు చేసినదీ ధ్యానమే. ఒకచోట మెదడు బయటి శబ్దాన్ని లెక్కచేయలేదు. మరొకచోట ఏ శబ్దాన్నీ విడిచిపెట్టలేదు. ఫలితాలు ఇంత విరుద్ధంగా ఉండటం ఆనాడు ఎందరికో ఆశ్చర్యం కలిగించింది. ధ్యాన పద్ధతి వేరైతే మెదడు పని కూడ వేరౌతుందనే వివరణ పుస్తకాలలోకి ఎక్కింది. అయితే కథ అక్కడితో ముగియలేదు. 1981లో బెకర్, షపీరో అనే పరిశోధకులు జెన్, యోగ, ట్రాన్సెండెంటల్ మెడిటేషన్ అభ్యాసకులను, ధ్యానం తెలియని వారిని ప్రక్కప్రక్కన ఉంచి, అందరికీ ఒకే రకపు శబ్దాలు వినిపించి చూచారు. అన్ని జట్లూ ఒకే రీతిగా శబ్దాలకు అలవాటు పడ్డాయి. తేడా కనిపించలేదు. నలుగురు యోగుల పరీక్షపై ఎంత పెద్ద మేడ కట్టవచ్చునో దీనివలన తెలియవచ్చింది.

మొదటి ఫలితాలు నిలువకపోయినా, వాటి వెనుకనున్న ప్రశ్న నిలిచింది. వ్యాయామం ఒంటికి మంచిదా అని ఎవరైనా అడిగితే, నడకా, ఈతా, గరిడీలో సామా అని మనం తిరిగి అడుగుతాము. ధ్యానం విషయంలో మాత్రం ఈ ఎదురుప్రశ్న వేయడానికి శాస్త్రజ్ఞులకు చాలకాలమే పట్టింది. 2008లో లుట్జ్, డేవిడ్‌సన్ మొదలైన వారు పరిశోధకుల సౌకర్యార్థం రెండు ముఖ్య తరగతులను వివరించారు. ఒకటి, శ్వాసనో, దీపాన్నో, ఏదో ఒక వస్తువును పట్టుకొని, మనస్సు జారిపోయినప్పుడెల్లా దానిని మళ్ళీ తెచ్చి అక్కడ నిలపడం. రెండవది, ఏ వస్తువునూ పట్టుకోకుండా, వచ్చే ఆలోచనను రానిచ్చి, పోయేదానిని పోనిచ్చి, ఊరక గమనించడం. వీటికి తోడు, ఇతరుల మేలును మనసార కోరే మైత్రీభావన ఒకటి ఉన్నది. పతంజలి అష్టాంగాలలో ధారణను, ధ్యానాన్ని, సమాధిని వేరువేరుగా లెక్కించడము, మైత్రి, కరుణలను మరొకచోట చెప్పడము తెలిసినవారికి ఈ విభజన క్రొత్తగా తోచదు. క్రొత్తదనమంతా దానిని కొలవడంలోనే ఉన్నది.

కొలవవలసినవి ముఖ్యంగా రెండు. మనిషి సుఖంగా ఉన్నాడా అనేది మొదటిది. రెండవది, అతనికి ‘నేను’ అనే భావన ఎట్లా మారింది అనేది. రెండవదే కష్టమైనది. ఎందుకంటే ‘నేను’ అనేది ఒక్క తీగ కాదు. 1890లో విలియం జేమ్స్ అనే అమెరికా మనస్తత్త్వవేత్త, తెలిసికొనే నేను వేరు, తెలియబడే నేను వేరు అని విడదీశాడు. ఇప్పటి పరిశోధకులు దీనిని మరొక విధంగా చెబుతారు. నా పేరు, నా ఊరు, నిన్న పడిన అవమానం, రేపటి పరీక్ష – ఇట్లా కథగా అల్లుకొనే నేను ఒకటి. ఈ క్షణంలో కాలికి నేల తగులుతున్నదని, ఊపిరి ఆడుతున్నదని ఎరిగి ఉండే నేను ఇంకొకటి.

ఈ రెండూ మెదడులో విడివిడిగా కనబడతాయా? 2007లో కెనడాలోని టొరంటోలో ఫార్బ్, అతని సహచరులు ఒక చక్కని ఉపాయం పన్నారు. మనుష్యుల స్వభావాన్ని తెలిపే విశేషణ పదాలను, ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకొన్న వారికి చూపించారు. ఒకసారి, ఈ మాట నన్ను గూర్చి ఏమి చెబుతున్నది అని ఆలోచించమన్నారు. మరొకసారి, ఆలోచన వద్దు, ఆ క్షణంలో లోపల ఏమి కలుగుతున్నదో గమనించమని మాత్రమే చెప్పారు. ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ పొందిన వారిలో రెండవ పని చేసేటప్పుడు మెదడు ముందుభాగపు నడిమి ప్రాంతం బాగా నెమ్మదించింది; శరీర స్పర్శలను గ్రహించే కుడివైపు ప్రాంతాలు చురుకుగా పనిచేశాయి. శిక్షణ లేనివారిలో ఈ రెండు ప్రాంతాలు ఒకదానినొకటి వదలకుండా కలిసి నడిచాయి. అంటే కథ చెప్పే నేనును ప్రక్కన పెట్టి, క్షణంలో ఉండే నేనుతో ఉండడం అభ్యాసంతో సాధ్యమని ఆ ప్రయోగం సూచించింది. 2011లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో బ్రూవర్ బృందం ఏకాగ్రత, మైత్రి, ఊరక గమనించుట అనే మూడు పద్ధతులను అనుభవజ్ఞులైన 12 మందిచేత చేయించి, ధ్యానం తెలియని వారితో పోల్చి చూచింది. మనస్సు పనిలేక తన్ను గూర్చి తాను తలపోసే వేళ పనిచేసే మెదడు ప్రాంతాలు, మూడు పద్ధతులలోను అభ్యాసకులకు తక్కువగానే పనిచేశాయి. అనగా పద్ధతులలో భేదమే కాదు, పోలిక కూడ కలదు.

ఈ చిక్కును విప్పడానికి ఇంతవరకు జరిగిన ప్రయత్నాలలో పెద్దది జర్మనీలోనిది. లీప్‌జిగ్ నగరంలోని మాక్స్ ప్లాంక్ సంస్థలో టానియా సింగర్ నాయకత్వాన ‘రిసోర్స్’ అనే పేరుతో అది 2013లో మొదలైంది. లీప్‌జిగ్, బెర్లిన్ నగరాల నుండి 20 మొదలు 55 ఏండ్ల వయస్సుగల సుమారు 300 మంది ఇందులో పాల్గొన్నారు. శిక్షణ తొమ్మిది నెలలు. మూడేసి నెలల చొప్పున మూడు భాగాలు. మొదటి భాగంలో శ్వాసను, శరీరావయవాలను గమనించే అభ్యాసం. రెండవదానిలో మైత్రి, కరుణ. మూడవదానిలో తన ఆలోచనలను తాను చూచుట, ఇతరుల దృష్టినుండి చూచుట. వయస్సు మొదలైనవి సరితూగేటట్లు మనుష్యులను జట్లుగా విభజించారు. ఇందులోని తెలివి ఏమిటంటే, రెండు జట్లకు చివరి రెండు భాగాలను తారుమారు చేసి నేర్పారు. అప్పుడు మార్పు వచ్చినది కరుణవలననా, లేక ఆరునెలలు గడిచినందువలననా అని తేల్చుకోవడానికి వీలు కలిగింది. శిక్షణలేని జట్లను కూడ పోలికకు ఉంచారు.

రెండవ, మూడవ భాగాలలో కూర్చుని చేసే ధ్యానంతోపాటు మరొక అభ్యాసం కూడ ఉన్నది. రోజూ పది నిమిషాలు ఇద్దరిద్దరు టెలిఫోనులో మాట్లాడుకోవాలి. కరుణ భాగంలో ఒకరు ఆనాడు తమకు కష్టం కలిగించిన సంగతి ఒకటి, కృతజ్ఞత కలిగించినది ఒకటి చెప్పి, అప్పుడు ఒంటిలో ఎట్లా అనిపించిందో వర్ణిస్తారు. రెండవవారు వినడమేగాని మాట్లాడరాదు. ఓదార్చరాదు, సలహా ఇవ్వరాదు. మూడవ భాగంలోని పద్ధతి మరీ వింతైనది. మనలో ఒక్కరే ఉండరు గదా! భయపడేవాడు ఒకడు, తప్పులెంచేవాడు ఒకడు, లాలించేవాడు ఒకడు. వీరిలో ఒకరి నోట ఆనాటి సంగతిని చెప్పాలి. మాట్లాడుతున్నది లోపలి ఏ మనిషో వినేవారు పోల్చుకోవాలి.

2017లో వెలువడిన ఫలితాలలో ముఖ్యమైనది మనోవ్యాకులతకు సంబంధించినది. ఎదుట కూర్చున్న పరీక్షకులు నవ్వకుండా చూస్తూ ఉండగా ఉపన్యాసం ఇవ్వమని, నోటిలెక్కలు చేయమని అడిగి, లాలాజలంలో కార్టిసాల్ అనే హార్మోను ఎంత పెరిగిందో కొలిచారు. ఆందోళన కలిగినప్పుడు శరీరం విడుదలచేసే రసాయనమిది. మూడు శిక్షణలు పొందినవారూ తమకు ఆందోళన తగ్గిందనే చెప్పారు. కాని కార్టిసాల్ చెప్పిన సంగతి వేరు. శ్వాసను గమనించే శిక్షణ మాత్రమే పొందినవారిలో అది తగ్గనేలేదు. మిగిలిన రెండు శిక్షణలు పొందినవారిలో, శిక్షణలేని వారికంటె 51 శాతం వరకు తక్కువగా పెరిగింది. నోరు ఒకటి చెబితే ఒళ్ళు ఒకటి చెప్పింది. మనిషి మాటనే ప్రమాణంగా తీసుకొనే పరిశోధనలకు ఇది గట్టి హెచ్చరిక. తనను తప్పుపట్టని మరొక మనిషి ముందు రోజూ నోరువిప్పడమే ఈ ఫలితానికి కారణం కావచ్చునని పరిశోధకుల ఊహ.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పెరుగుతూ కార్టిసాల్‌ను తనలో నిలువచేసికొంటుంది. మూడు సెంటీమీటర్ల వెంట్రుకను పరీక్షిస్తే మూడు నెలల చరిత్ర తెలుస్తుంది. ఇట్లా కొలిచినప్పుడు ఆరునెలల శిక్షణ తరువాత కార్టిసాల్ సుమారు నాల్గవ వంతు తగ్గినట్లు 2021లో ప్రకటించారు. ఈ తగ్గుదల ఏ శిక్షణ అనే భేదం లేకుండ వచ్చింది! ఒక్కసారిగా వచ్చిపడే ఆందోళన వేరు, దినదినమూ మోసే బరువు వేరు అని అర్థం చేసుకోవలసి ఉన్నది.

‘నేను’ను గూర్చిన ఫలితం కూడ ఆసక్తికరమైనదే. మూడవ భాగంలో తమలోని మనుష్యులను ఎంత ఎక్కువమందిని గుర్తించగలిగితే, ముఖ్యంగా కోపిష్ఠి, పిరికివాడు వంటి ఒప్పుకోవడానికి కష్టమైన వారిని గుర్తించగలిగితే, అంతగా ఇతరుల మనస్సులోని ఆలోచనలను ఊహించే శక్తి వారికి హెచ్చింది. అదే ప్రయోగంలో నాలుగు అభ్యాసాల తక్షణ అనుభవాన్ని పోల్చి చూచినప్పుడు, శరీరాన్ని అవయవం వెంట అవయవంగా గమనించే పద్ధతిలో ఒంటి ఎరుక ఎక్కువగా పెరిగి, ఆలోచనలు ఎక్కువగా తగ్గాయి. మైత్రీభావనలో ఆప్యాయత, ఇతరులను గూర్చిన మంచి తలపులు హెచ్చాయి. ఆలోచనలను గమనించే పద్ధతిలో ఆలోచనల ఎరుకే హెచ్చింది. ఏ విత్తు నాటితే ఆ మొక్కే మొలిచింది.

‘నేను’ సడలడం అందరికీ హాయినివ్వదు. 2017లో లిండాల్, బ్రిటన్ మొదలైనవారు పాశ్చాత్య దేశాలలోని 60 మంది బౌద్ధ ధ్యానాభ్యాసకులను విచారించి, వారికి ఎదురైన కష్టమైన అనుభవాలను పట్టికవేశారు. భయం, నిద్రలేమితోపాటు తాను తానుకాదన్న భావం కూడ అందులో ఉన్నది. కొందరికది విముక్తి, కొందరికి వైద్యుని దగ్గరకు పోవలసిన బాధ. గురువు పర్యవేక్షణ ఉండాలన్న పాతమాటను ప్రయోగశాల ఈవిధంగా తిరిగి కనుగొన్నది.

మందు పరీక్షించేటప్పుడు సగంమందికి మందులేని బిళ్ళ ఇస్తారు. ధ్యానానికి అట్టి బిళ్ళ లేదు. తాను ధ్యానం చేస్తున్నానని చేసేవాడికి తెలుసును. మేలు జరుగుతుందని ఆశ కూడ ఉంటుంది. అందుచేత ఎవరితో పోల్చామనేదే అసలు కీలకం. 2014లో 47 పరీక్షలను, అందులోని 3,515 మందిని కలిపి పరిశీలించిన అమెరికా వైద్యులు, ఆందోళన, దిగులు, నొప్పి ఇవి ధ్యాన శిక్షణతో కొద్దిగానో ఒక మోస్తరుగానో తగ్గుతాయని చెప్పారు. వ్యాయామంకంటె, మందులకంటె ఇది మేలైనదనడానికి మాత్రం వారికి ఆధారం దొరకలేదు.

పాఠశాలలకు ఈ విషయం చాల ముఖ్యం. బ్రిటనులో 85 పాఠశాలలలో, 8 వేలకు మించిన విద్యార్థులపై జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. 11 నుండి 14 ఏండ్ల పిల్లలకు ఉపాధ్యాయులే ధ్యానాభ్యాసం నేర్పారు. పాఠశాలలలో మామూలుగా జరిగే బోధనకంటె దీనివలన పిల్లల మనస్స్వస్థత మెరుగుపడలేదు. చాలమంది పిల్లలు ఇంటివద్ద అభ్యాసం చేయనేలేదు. పెద్దలకు కుదిరినది పిల్లలకు, కోరి వచ్చినవారికి కుదిరినది తరగతి మొత్తానికి కుదురుతుందని అనుకొనడానికి లేదన్నమాట. నేర్పిన ఉపాధ్యాయులలో మాత్రం వృత్తివలన కలిగే అలసట కొంత తగ్గింది. ఏడాది గడిచేసరికి ఆ తేడా కూడ చాలవరకు తరిగిపోయింది.