నూనెలోనే పట్టు

“క్లచ్ మీద నూనె పడితే జారిపోతుంది కదా సార్, మరి హడ్సన్ కారులో కావాలనే పోసేవాళ్ళా?” అని ఆటోమొబైల్ క్లాసులో ఒక కుర్రాడు అడిగాడు. పోసేవాళ్ళు. 1909లో డెట్రాయిట్‌లో పుట్టిన హడ్సన్ కంపెనీ దశాబ్దాల పాటు ఆ క్లచ్‌నే నమ్ముకుంది. దానికోసం హడ్సనైట్ అనే నూనెను విడిగా అమ్మింది కూడా.

ఫ్లైవీల్‌కీ ప్రెషర్ ప్లేటుకీ మధ్య తిరిగే లోహపు ప్లేటు నిండా చిల్లులుంటాయి. ఒక్కో చిల్లులో ఒక్కో కార్క్ ముక్క, రెండువైపులా కాస్త పైకి పొడుచుకొచ్చి కూర్చుంటుంది. పెడల్ మీద కాలు మెల్లగా తీస్తుంటే ముందు మధ్యనున్న నూనె పొరే లాగడం మొదలుపెడుతుంది. కారు కుదుపు లేకుండా కదులుతుంది. స్ప్రింగుల ఒత్తిడి పెరిగేకొద్దీ కార్క్ ఆ నూనెను పక్కకి నెట్టేసి లోహాన్ని పట్టుకుంటుంది. ఈలోగా రాపిడికి పుట్టిన వేడిని నూనె మోసుకుపోతుంది.

ఇందులో నన్ను కట్టిపడేసేది కార్క్ స్వభావమే. రబ్బరును పైనుంచి నొక్కితే పక్కలకు ఉబ్బుతుంది. కార్క్ దాదాపు ఉబ్బదు. దానిలో ఘన సెంటీమీటరుకు సుమారు 4 కోట్ల గాలి గదులున్నాయి. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో చూసి బొమ్మ గీసింది వీటినే. నొక్కినప్పుడు ఆ గదుల గోడలు లోపలికి ముడుచుకుంటాయి, వదిలితే మళ్ళీ సాగుతాయి. అందుకే చిల్లులో బిగిసి ఉన్న ముక్క కూడా ఇరుక్కోకుండా కిందికి దిగి, తిరిగి పైకి లేవగలదు.

హడ్సన్ హార్నెట్ 1950ల మొదట్లో అమెరికా స్టాక్ కార్ రేసుల్ని ఏలింది. ‘కార్స్’ సినిమాలో డాక్ హడ్సన్ ఆ కారే. 1954లో కంపెనీ నాష్‌తో కలిసిపోయింది. 1957 మోడళ్ళతో ఆ పేరు కూడా ఆగిపోయింది.

ఇక ఇప్పుడు అలాంటి కారు క్లచ్ విప్పితే కార్కులు ప్లేటుతో సమానంగా అరిగిపోయి కనిపించొచ్చు, నల్లగా మాడి గట్టిపడి ఉండొచ్చు. దానికి బెంగ అక్కర్లేదు. అవి అరగడానికే ఉన్నాయి. కొత్త ముక్కల్ని వేడినీళ్ళలో నానబెట్టి, మెత్తబడ్డాక చిల్లుల్లోకి నొక్కి, ఆరాక రెండువైపులా ఒకే ఎత్తుకు గ్రైండింగ్ చేస్తే సరి. అసలు చూడాల్సింది లోహాన్ని. కార్క్ తగిలే ముఖం అద్దంలా నున్నగా ఉండాలి. గోటికి తగిలే గీత ఒక్కటున్నా కొత్త కార్కుల్ని కోసేస్తుంది. పైపై గీతలు, సన్నటి వెంట్రుక పగుళ్ళు గ్రైండింగ్‌తో పోతాయి. పగులు లోతుకి దిగితే ఆ ముక్క పారేయాల్సిందే. హబ్ స్ప్లైన్లు మెట్లు పడి ఉంటే మంచి హబ్ వెతికి రివెట్ చేయొచ్చు. స్ప్రింగుల దగ్గర మాత్రం నేను రాజీపడను. అన్నిటినీ బల్లమీద వరసగా నిలబెడితే పొట్టిబడ్డది ఇట్టే తెలుస్తుంది. నీలిరంగు తిరిగిందంటే వేడికి పదును పోయినట్టే. దాన్ని సాగదీసి వాడితే మళ్ళీ కుంగుతుంది, కొత్త సెట్టు వేయడమే మేలు.

మాడిన కార్కులు దొరికితే ఇంకొక్కటి వెతకాలి, నూనె ఎక్కడినుంచి కారిపోయిందో. చాలాసార్లు తప్పు ప్లేటుది కాదు, కవర్ గ్యాస్కెట్‌ది.