మంచు దారిలో సైకిలు జారదా?

నర్సీపట్నం నుండి చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు ఎక్కితే, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున లంబసింగి వస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున అక్కడ ఎదుటి మనిషి కూడా కనబడడు. అంత మంచు! ఇది కాశ్మీరులో పడే మంచేనా?

కాదు. కాశ్మీరులో రాలేవి మేఘాలలో తయారైన మంచు స్ఫటికాలు. లంబసింగిలో కనిపించే పొగమంచు గాలిలో తేలే సన్నని నీటి బిందువులు. చలి మరీ ముదిరితే గడ్డిపై తెల్లని మంచు పొర కూడా ఏర్పడవచ్చు. రూపాలు వేరైనా సైకిలుకు తెచ్చే చిక్కు ఒక్కటే. అవి టైరు పట్టును తగ్గిస్తాయి.

ఈ పట్టునే ఘర్షణ అంటాం. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పోతున్నారనుకోండి. పొడి తారురోడ్డుపై బ్రేకులు వేస్తే సుమారు 2 మీటర్లలో ఆగవచ్చు. ఘర్షణ గుణకం 0.1 ఉండే మంచుగడ్డపై 13 మీటర్లు పోతారు. ప్రతి 20 మీటర్లకు ఒక మీటరు దిగే వాలులోనైతే 26 మీటర్లు! వేగం రెట్టింపైతే ఈ దూరాలన్నీ నాలుగింతలవుతాయి.

సైకిలును ఆపేదీ, మలుపు తిప్పేదీ కూడా ఈ ఘర్షణే. అది మీ జేబులోని రూపాయి వంటిది. అంతా బ్రేకుకే ఖర్చు చేస్తే మలుపుకు ఏం మిగులుతుంది? తడి రోడ్డుపై ఆ రూపాయి తరుగుతుంది. మంచుగడ్డపై పదిహేను పైసలకు మించి ఉండదు.

కొత్తగా నేర్చుకున్న మీ తమ్ముడు మలుపులో భయపడి ముందు బ్రేకు గట్టిగా నొక్కుతాడు. చక్రం తిరగడం మాని జారుతుంది. జారే చక్రం హ్యాండిల్ మాట వినదు. తమ్ముడు కింద పడతాడు! అందుచేత మలుపు రాకముందే, దారి తిన్నగా ఉన్నప్పుడే, రెండు బ్రేకులూ మెల్లగా వేసి వేగం తగ్గించమని చెప్పండి. మలుపులో బ్రేకు వదలాలి. తడిసిన రిమ్ముపై నీరు తుడుచుకుపోయేదాకా బ్రేకు పట్టదు కనుక ముందుగానే నొక్కాలి. మంచుదేశాల్లో వెడల్పు టైర్లు వాడి, గాలి కొంత తగ్గిస్తారు. అప్పుడు బరువు ఎక్కువ చోటుపై పడి, చక్రం మెత్తని మంచులో కూరుకుపోదు.

పొగమంచులో ఘాట్ రోడ్డు దిగవద్దు. బస్సులకు, లారీలకు మీరు కనబడరు. ఎండ వచ్చేదాకా ఆగండి.

బడి మైదానంలో ఒక ప్రయోగం చేయండి. మనిషి నడిచే వేగంతో సైకిలు తొక్కి, ఒక గీత దగ్గర వెనుక బ్రేకు వేయండి. ఎంత దూరంలో ఆగారో కొలవండి. నేలను, రిమ్మును తడిపి మళ్ళీ చేయండి. ఆ రెండు కొలతల తేడాను తమ్ముడికి చూపండి. మలుపుకు ముందే ఎందుకు ఆగాలో వాడికే తెలుస్తుంది.