జబ్బ దగ్గర పట్టేసిన స్వెటర్

చలికాలంలో అమ్మో అత్తగారో వస్తున్నారని స్వెటర్ మొదలుపెట్టారా? ఒంటి భాగం ఎలాగో అయిపోతుంది. తంటా అంతా చేతులతోనే. మణికట్టు దగ్గర సన్నగా మొదలై పైకి పోనుపోనూ వెడల్పవ్వాలి. నేను లెక్క లేకుండా అల్లిన మొదటి స్వెటర్ మా అమ్మకి మోచెయ్యి దాటి ఎక్కలేదు. "పర్లేదులే, శాలువా ఉందిగా" అంది పాపం.

కుట్లు ఎన్ని పెంచాలో ఎలిజబెత్ జిమ్మర్మన్ లెక్క కట్టి పెట్టింది. ఆవిడా మనలాగే వలస మనిషే. ఇంగ్లండులో పుట్టి, 1937లో జర్మన్ భర్తతో అమెరికా వచ్చి, విస్కాన్సిన్‌లో స్థిరపడింది. 1971లో 'నిట్టింగ్ వితౌట్ టియర్స్' రాసింది. ఒంటి చుట్టూ 200 కుట్లుంటే మణికట్టుకి అందులో అయిదోవంతు, అంటే 40. పైచేతికి మూడోవంతు, సుమారు 66. చంక కింద గీత వెంబడి 5 వరసలకోసారి రెండేసి కుట్లు పెంచితే 13 సార్లకి సరిపోతుంది. జబ్బలు నిండుగా ఉన్నవాళ్ళకి ఇంకొన్ని వేసుకోండి, మొహమాటం వద్దు.

ఇక ఎలా పెంచాలి? దారం సూది మీద ఊరికే చుట్టేస్తే కుట్టు పెరుగుతుంది, కానీ కన్నం పడుతుంది. లేసు డిజైనుకి అది అందం, స్వెటర్ చేతికి కాదు. ఒకే కుట్టులో ముందొకసారి, వెనకొకసారి అల్లితే కన్నం రాదు గానీ చిన్న అడ్డగీత కనిపిస్తుంది. నరసాపురం వైపు లేసు అల్లినవాళ్ళకి ఇది చటుక్కున తెలుస్తుంది, క్రోషాలోనూ ఒకే కుట్టులో రెండు వేస్తాం కదా!

నాకు నచ్చినది మూడోది. రెండు కుట్ల మధ్య అడ్డంగా ఉన్న దారాన్ని ఎడమ సూదితో ముందు నుంచి వెనక్కి ఎత్తండి. దాని వెనక కాలిలోంచి అల్లండి. మెలి పడి కన్నం మూసుకుంటుంది, కుట్టు ఎడమకి వాలుతుంది. వెనక నుంచి ముందుకి ఎత్తి, ముందు కాలిలోంచి అల్లితే కుడికి వాలుతుంది. గీతకి అటొకటి, ఇటొకటి వేస్తే జోడీ కుదురుతుంది. మెలి మరిచిపోతే మాత్రం మళ్ళీ కన్నమే.

అమ్మ ఇంకా ఊళ్ళోనే ఉంటే వీడియో కాల్‌లో జబ్బ చుట్టుకొలత అడగండి. జాకెట్టు కొలత మాత్రం తీసుకోకండి, అది ఒంటికి అతుక్కుని ఉంటుంది. స్వెటర్ వేసుకునేది దాని మీదే, రెండు మూడు అంగుళాలు వదులుండాలి.