మాంసానికి ముద్ర ఎందుకు?

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో వానలు తక్కువ. అందుకే సేద్యంతోపాటు గొర్రెల మంద కూడా చాలా ఇళ్లకు ఆధారం. మందలోని జీవం కూరగా మారేలోపు పశువైద్యుడి కంట పడాలి.

కబేళాకు తెచ్చిన జీవాన్ని ఆయన ప్రాణంతో ఉండగానే చూస్తాడు. కుంటుతోందా, జ్వరముందా, ముక్కు కారుతోందా అని. 2001 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఒక వైద్యుడు గంటకు 12, రోజుకు 96 జీవాలకు మించి పరీక్షించకూడదు. హడావుడిగా చూస్తే జబ్బు దొరకదు మరి. కోశాక కాలేయం, ఊపిరితిత్తులు పట్టి చూస్తాడు. కాలేయంలో ఆకులాంటి చదునైన పురుగులుంటే దాన్ని పారేయిస్తాడు. బాగున్న మాంసానికే ముద్ర.

అసలు భయం ఆంత్రాక్స్‌తోనే. రాత్రి బాగున్న గొర్రె తెల్లారేసరికి చచ్చిపడి, ముక్కులోంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే దాన్ని కోయనే కూడదు. గాలి తగిలితే ఆ జబ్బు సూక్ష్మజీవులు సిద్ధబీజాలుగా మారి మట్టిలో దశాబ్దాలపాటు బతుకుతాయి. మామూలు వంట వేడికి అవి చస్తాయన్న భరోసా లేదు. నష్టం తగ్గుతుందని అలాంటి మాంసాన్ని చౌకగా అమ్మితే తిన్నవాళ్లకే కాదు, కోసినవాళ్లకూ ముప్పే. వైద్యుడు రక్తపు చుక్కను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, కళేబరాన్ని సున్నం వేసి లోతుగా పూడ్పిస్తాడు. మిగతా మందకు టీకా వేయిస్తాడు.

పాలకూ ఈ కాపలా ఉంది. యాంటీబయాటిక్ సూది వేసిన బర్రె పాలను ఎన్ని రోజులు అమ్మకూడదో చెప్పేదీ ఆయనే.