జెయింట్ వీల్ దగ్గర వరుస ఎందుకు పెరుగుతుంది?

ఏటా జనవరి ప్రాంతంలో ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతర జరుగుతుంది. అలాంటి జాతరల్లో జెయింట్ వీల్ ఎక్కాలంటే చాంతాడంత వరుస! ఎందుకలా?

ఒక లెక్క వేద్దాం. వీల్‌కు 16 తొట్లు, తొట్టికి నలుగురు అనుకోండి. ఒక ఆటకు 64 మంది. తిరగడానికి 4 నిమిషాలు, ఎక్కించి దించడానికి 6 నిమిషాలు పడితే గంటకు 6 ఆటలు, అంటే 384 మంది. కానీ గంటకు 500 మంది వస్తుంటే? గంటగంటకూ 116 మంది మిగిలిపోతారు. రెండు గంటలకు వరుసలో 232 మంది! ఆఖరివారు సుమారు 36 నిమిషాలు ఆగాలి.

మరి వేగంగా తిప్పితే సరిపోదా? సరిపోదు. ఎక్కువ సమయం పోయేది ఎక్కించి దించడంలోనే. ఒక్కో తొట్టినీ కిందికి తెచ్చి ఆపాలి. బరువు ఒకే పక్కకు పడకుండా ఎదురెదురు తొట్లు నింపాలి. ఇక్కడ తొందరపడితే ప్రమాదం.

అయితే లండన్ ఐ అనే పెద్ద చక్రం మామూలుగా ఆగదు. నెమ్మదిగా తిరుగుతుండగానే జనం ఎక్కుతారు, దిగుతారు. 32 గదులు, గదికి 25 మంది, చుట్టుకు అరగంట. అంటే గంటకు 1600 మంది!

ఈసారి జాతరకు వెళ్తే తొట్లనూ, వరుసలో మీ ముందున్నవారినీ లెక్కపెట్టండి, ఒక ఆటకు ఎంతసేపు పడుతుందో చూడండి. మీ వంతు ఎప్పుడొస్తుందో మీరే చెప్పేయొచ్చు.